సంవర్గమానాల కథ: ఆధారం పది ఎందుకైంది?

క్లార్క్స్ టేబుల్స్ అనే చిన్న పుస్తకాన్ని మన సంఘ సభ్యుల్లో చాలామంది మరచిపోయి ఉండరు. గుమాస్తాలమైన మనకూ ఆ పుస్తకానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. కూర్చినాయన ఇంటిపేరు క్లార్క్, అంతే. పి.యు.సి.లో సైన్సు చదివినవారికి అది లేకుండా గడిచేది కాదు. కాలిక్యులేటర్లు వచ్చాక అది అటకెక్కింది. సంవర్గమానాలు, అనగా లాగరిథమ్‌లు, మాత్రం అటకెక్కలేదు. 2014లో మన రాష్ట్రంలో వచ్చిన పదవ తరగతి లెక్కల పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే అవి ఉన్నాయి. 2 ఆధారంగా 32కు సంవర్గమానం ఎంత, 8 ఆధారంగా ఎంత అని అడుగుతారు. పిల్లలు సూత్రం అప్పజెప్పి మార్కులు తెచ్చుకుంటారు. ఆధారం అంటే ఏమిటి, అది ఎందుకు మారుతుంది అని అడిగితే మాత్రం నోరు మెదపరు. వారి తప్పు లేదు. ఈ సంగతి చరిత్ర చెబితే తప్ప తెలియదు.

సంవర్గమానాలను లోకానికి ఇచ్చిన జాన్ నేపియర్ పంతులు కాదు, స్కాట్లండులో ఎడింబరో దగ్గర మెర్కిస్టన్ జమీందారు. ఖగోళ గణనలో పెద్ద పెద్ద గుణకారాలు మనిషిని చంపుతున్నాయని గ్రహించి, ఇరవై ఏళ్ళు శ్రమపడి 1614లో తన పట్టికలను అచ్చువేశాడు. గుణకారాన్ని కూడికగా, భాగహారాన్ని తీసివేతగా మార్చడమే అందులోని కిటుకు. విచిత్రమేమంటే ఆ పట్టికలో ఆధారం అనే ఆలోచనే లేదు. రెండు చుక్కలు రెండు గీతల మీద కదులుతున్నట్టు ఊహించి, ఒకటి సమవేగంతోనూ రెండోది మిగిలిన దూరాన్నిబట్టి నెమ్మదిస్తూనూ పోతే వాటి స్థానాలను పోల్చాడు. ఆయన లెక్కలో కోటికి సంవర్గమానం సున్న. సంఖ్య తగ్గేకొద్దీ సంవర్గమానం పెరుగుతుంది. ఒకటికి సున్న కాదు గనుక రెండు సంఖ్యలను గుణించినప్పుడల్లా ఇంకొక సవరణ చేసుకోవలసి వచ్చేది.

ఆ పుస్తకం చదివి లండను గ్రెషాం కాలేజీలో జ్యామితి చెప్పే హెన్రీ బ్రిగ్స్‌కు నిద్ర పట్టలేదు కాబోలు. 1615లో అంతదూరం ప్రయాణం చేసి ఎడింబరో వెళ్ళాడు. ఇద్దరూ ఎదురుపడి పావుగంటసేపు మాట లేకుండా ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారని విలియం లిల్లీ రాశాడు. లిల్లీ జ్యోతిష్కుడు, కొంత రంగు పూసి ఉండవచ్చు. బ్రిగ్స్ అక్కడ నెలరోజులున్నాడన్నది మాత్రం నిజం. ఒకటికి సున్న, పదికి ఒకటి అన్న ఏర్పాటుకు ఇద్దరూ అప్పుడే వచ్చారు. 1616లో బ్రిగ్స్ మళ్ళీ వెళ్ళాడు. 1617లో నేపియర్ కన్నుమూశాడు.

పదే ఎందుకు? మనం పదులలో లెక్కిస్తాం గనుక. 2కు సంవర్గమానం 0.3010. 20కి 1.3010. 200కు 2.3010. చుక్క తరువాతి భాగం మారదు, ముందున్న అంకె మాత్రమే మారుతుంది. అందుచేత 2కు కట్టిన పట్టిక 20కీ, 2,000కూ, 2 కోట్లకూ పనికివస్తుంది. ఇంకే ఆధారం తీసుకున్నా ఈ లాభం రాదు. పదిలో దివ్యత్వమేమీ లేదు. పని తగ్గుతుంది, అంతే.

ఆ పని ఎంతటిదో ఆఫీసులో టోటళ్ళు వేసినవారికి చెప్పనక్కరలేదు. బ్రిగ్స్ పదికి వర్గమూలం తీశాడు: 3.1623, దానికి సంవర్గమానం సగం. మళ్ళీ వర్గమూలం: 1.7783, సంవర్గమానం పావు. ఇలా వరుసగా 54 సార్లు, చేత్తోనే, ఎన్నో దశాంశ స్థానాలకు! 1624లో 30,000 సంఖ్యలకు 14 స్థానాల పట్టిక అచ్చయింది. అందులో 20,000 నుంచి 90,000 దాకా ఖాళీ. డచ్చి దేశస్థుడు అడ్రియన్ వ్లాక్ 1628లో దానిని 10 స్థానాలతో పూరించాడు. ఇంతటి చాకిరీని ఒక్క ఆధారానికే చేశారు. మరి 2కూ 5కూ 8కీ ఎవరు చేశారు? ఎవరూ చేయలేదు, అవసరం పడలేదు.

మన పి.డబ్ల్యు.డి. మిత్రులకు అడుగుల కొలతలు మీటర్లలోకి మారిన రోజులు గుర్తుండే ఉంటాయి. కాలువ పొడవు మారిందా? ఒకే ఒక అంకెతో భాగించి రాసుకున్నాం. ఆధారం మార్పు సరిగ్గా అదే. 8 ఆధారంగా 32కు సంవర్గమానం కావాలంటే బ్రిగ్స్ పట్టికలో 32కు ఉన్న 1.5051ని 8కి ఉన్న 0.9031తో భాగించాలి. 1.667 వస్తుంది, అనగా 5/3. పిల్లలు ఇక్కడే పొరపడతారు. భాగించవలసిన చోట తీసివేస్తారు. తీసివేస్తే వచ్చేది 32ను 8తో భాగించిన 4కు సంవర్గమానం, మనం అడిగినది కాదు.

మన దేశంలో తొమ్మిదో శతాబ్ది తొలినాళ్ళలో వీరసేనుడనే జైనాచార్యుడు ధవళ అనే వ్యాఖ్యలో అర్ధచ్ఛేదం అన్నాడు. ఒక సంఖ్యను ఒకటి మిగిలేదాకా ఎన్నిసార్లు సగం చేయవచ్చునో అది. 64కు ఆరు. మూడేసి వంతులు చేస్తే త్రికచ్ఛేదం, నాలుగేసి చేస్తే చతుర్థచ్ఛేదం. 64కు చతుర్థచ్ఛేదం మూడు. ఆరును, 4 యొక్క అర్ధచ్ఛేదమైన రెండుతో భాగిస్తే మూడే! లబ్ధపు అర్ధచ్ఛేదం రెంటి మొత్తమని కూడా ఆయనకు తెలుసు. అయితే నేపియర్ కంటే ముందే మనకు సంవర్గమాన పట్టికలున్నాయని సభల్లో చెప్పడం నాకు నచ్చదు. ఆయన పట్టికలు కట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా గొప్పే.

ఆధారాన్ని ఏ ఘాతానికి పెంచితే సంఖ్య వస్తుందో ఆ ఘాతమే సంవర్గమానం అనే నేటి నిర్వచనం 1748లో ఆయిలర్ గ్రంథంతో స్థిరపడింది. ఏ రెండు ఆధారాల మధ్యనైనా ఉండేది ఒకే నిష్పత్తి అని ఆయన చూపాడు. కాలేజీ లెక్కల్లో వచ్చే 2.71828 ఆధారం కూడా అంతే. పట్టికలోని అంకెను 2.3026తో గుణిస్తే చాలు.

ఇదంతా మనకెందుకు అనేవారికి ఒక మాట. సొమ్ము ఎన్నేళ్ళకు రెట్టింపవుతుంది అన్న ప్రశ్న ఆధారం మార్పు లెక్కే. 8 శాతం చక్రవడ్డీ అయితే 1.08 ఆధారంగా 2కు సంవర్గమానం: 0.3010ని 0.0334తో భాగిస్తే తొమ్మిదేళ్ళు. 2014లో కిసాన్ వికాస పత్రాన్ని తిరిగి తెచ్చినప్పుడు 8.7 శాతం వడ్డీతో 100 నెలల్లో రెట్టింపు అన్నారు. 0.3010ని 0.0362తో భాగిస్తే 8.3 ఏళ్ళు, సరిగ్గా నూరు నెలలే. మూడేళ్ళలో రెట్టింపు అని రంగు కాగితాలు పంచిన ఒక ఫైనాన్సు కంపెనీలో మన మిత్రులు కొందరు గ్రాట్యుటీ సొమ్ము పోసి పోగొట్టుకున్నారు. 0.3010ని మూడుతో భాగిస్తే 0.1003. పట్టికలో వెనక్కి చూస్తే 1.26. అనగా ఏటా 26 శాతం చక్రవడ్డీ. ఆ కాగితం మీద ఈ అంకె ఎక్కడా వేయలేదు.