కిల్‌ఫైలు రోజులు

ఇందాక మన చిన్నది చెప్పింది విన్నాను. వాళ్ళ కాలేజీలో చదువుకున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుందట, ఈ పిల్లే దానికి అడ్మినట. అందులో ఒకాయన చేరి, ఏ మాట మొదలైనా దాన్ని కులం దాకానో పార్టీ దాకానో లాక్కెళ్ళి గొడవ పెడుతున్నాడట. తీసేస్తే వేరే నంబరుతో మళ్ళీ వస్తున్నాడట. "మీ రోజుల్లో ఈ బాధ లేదు కదా తాతయ్యా" అంది. లేకేం తల్లీ! వాట్సాప్ పుట్టకముందు, గూగుల్ పుట్టకముందు, మన ఊళ్ళో ఎవరూ కంప్యూటర్ మొహమైనా చూడకముందు నుంచే ఉంది. ఆ కట్టె ఇంకొంచెం లోపలికి తొయ్యండి, చెప్తాను.

నేను అమెరికాలో ఎమ్మెస్ చేసేటప్పుడు యూనివర్సిటీ కంప్యూటర్లలో యూజ్‌నెట్ అని ఉండేది. 1979లో డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు దాన్ని తలపెట్టారు, మరుసటి ఏడాది అది నడిచింది. మొదట్లో ఒక కంప్యూటరు రాత్రిపూట, ఫోన్ చార్జీలు తక్కువగా ఉండే వేళ, ఇంకో కంప్యూటరుకి ఫోన్ చేసి తన దగ్గరున్న ఉత్తరాలు ఇచ్చి అక్కడివి తెచ్చుకునేది. అది మూడోదానికి ఇచ్చేది. అలా చేతులు మారి లోకమంతా తిరిగేవి. నల్లటి తెర మీద అక్షరాలు తప్ప బొమ్మలేవీ లేవు. దానికంతటికీ కలిపి యజమాని అంటూ ఒకడు లేడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

తొంభైల్లో తెలుగువాళ్ళకీ అందులో ఒక చోటు దొరికింది. సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అని దాని పేరు. అలాంటి గ్రూపు పెట్టాలంటే ముందు చర్చ జరగాలి, ఆ తరవాత ఓటింగు. కావాలనేవాళ్ళు వద్దనేవాళ్ళకంటే కనీసం 100 మంది ఎక్కువుండాలి, పడ్డ ఓట్లలో మూడింట రెండు వంతులు వాళ్ళవే కావాలి. తెలుగు అక్షరాలు తెర మీద రావు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసేవాళ్ళం. రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న మనవాళ్ళు అందుకోసం ఆర్.టి.ఎస్. అని ఒక పద్ధతి కూడా తయారుచేశారు. ఇంటి నుంచి ఉత్తరం రావడానికి రెండు వారాలు, ఫోన్ చేస్తే నిమిషానికి డాలర్లు. అలాంటప్పుడు గోంగూర పచ్చడి గురించీ ఘంటసాల పాట గురించీ ఎవరో తెలుగులో రాసింది కనిపిస్తే ప్రాణం లేచొచ్చేది. అందుకే అక్కడ పెడసరం మనిషి ఒకడు చేరి పాడు చేస్తుంటే అంత కడుపు మండేది.

అలాంటివాణ్ణి తీసెయ్యడానికి లేదు. నువ్వు అడ్మినువి, నీకు మీట ఉంది. మాకు మీట లేదు, అడ్మిను లేడు. ఎవరి కళ్ళకి వాళ్ళే గంత కట్టుకోవాలి. లారీ వాల్ అని, తరవాత పెర్ల్ భాష చేసినాయన, 1984లో ఆర్ఎన్ అని యూజ్‌నెట్ ఉత్తరాలు చదివే ప్రోగ్రాం రాశాడు. అందులో పెద్ద కే అక్షరం నొక్కితే చాలు, ఆ శీర్షికతో ఉన్న ఉత్తరాలన్నీ చదివేసినట్టు మాయమయ్యేవి. ఆ శీర్షిక ఒక ఫైల్లో రాసుకుని, రేపు మళ్ళీ వచ్చినా నీ కంట పడనిచ్చేది కాదు. ఆ ఫైలుకే కిల్‌ఫైలు అని పేరు. శీర్షిక ఒక్కటే కాదు, పంపినవాడి పేరూ అడ్రసూ అందులో రాసుకోవచ్చు. ఒక్క వరుస రాస్తే ఆ మనిషి నీ తెర మీద ఇక లేనట్టే. నిన్ను కిల్‌ఫైల్లో పడేశాను అని చెప్పడానికి మావాళ్ళు జవాబులో "ప్లాంక్" అని రాసేవాళ్ళు, చెత్తబుట్ట అడుగున ఏదో పడ్డ చప్పుడన్నమాట. ఆ అలవాటు నాకెప్పుడూ నచ్చలేదు. వాడికి కావలసింది ఎవరో ఒకరు ఉడుక్కోవడం. ప్లాంక్ అని చాటింపు వేస్తే వాడి ఖాతాలో ఇంకో గెలుపు. పడేసేవాడు మాట్లాడకుండా పడెయ్యాలి.

కిల్‌ఫైలు గొప్ప సాధనమే గానీ దాని లోపాలు త్వరలోనే బయటపడ్డాయి. నువ్వు ఒకణ్ణి మూసేస్తావు, సరే. నీ స్నేహితుడు మూయడు. నువ్వు మూసేసినవాడు రాసిన నాలుగు పేరాలూ అలాగే దించి, కింద ఒక వాక్యం జవాబు రాస్తాడు. నువ్వు తలుపేసినవాడు నీ స్నేహితుడి చంకనెక్కి లోపలికొచ్చాడు. మరి స్నేహితుణ్ణీ మూసేస్తావా? అందుకే తరవాత వచ్చిన టిఆర్ఎన్ లాంటివాటిలో ఒక ఉత్తరాన్నీ దానికి పుట్టిన జవాబులన్నిటినీ కలిపి తోసేసే వీలు పెట్టారు. అది కొంత మేలు.

రెండోది, పేరు మార్చుకోవడం. ఇవాళ ఒక అడ్రసు, రేపు ఇంకోటి. అప్పుడు మేం పేరు చూడటం మానేసి, ఉత్తరం ఏ దారిన వచ్చింది, ఏ యంత్రం నుంచి బయల్దేరింది అని పైన ఉండే వరుసలు చదివేవాళ్ళం. పేరు మార్చినంత తేలిగ్గా దారి మార్చలేరు. అలాగే ఒకే ఉత్తరాన్ని ఇండియా గ్రూపులోనూ పాకిస్తాన్ గ్రూపులోనూ ఒకేసారి పడేసి రెండు వైపులా అంటించేవాళ్ళు ఉండేవాళ్ళు. ఎన్ని గ్రూపులకి ఒకేసారి వేశాడో లెక్కచూసి, మితిమీరితే చదవకుండా తోసేసే వడపోత దానికి బాగా పనిచేసింది. మనిషినీ మాటనీ వదిలేసి వాడి పద్ధతిని పట్టుకున్న వడపోత అది. నా మట్టుకు నేను చూసినవాటిలో అన్నిటికంటే తెలివైనది అదే.

మాటల్ని పట్టుకునే వడపోతలు మాత్రం మన తెలుగులో అస్సలు నిలవలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు తిట్టు ఎన్ని వేషాలైనా వేస్తుంది. "వ"కి వీ పెట్టొచ్చు, డబ్ల్యూ పెట్టొచ్చు. "ధ"కి హెచ్ తగిలించొచ్చు, మానెయ్యొచ్చు. దీర్ఘానికి అక్షరం రెండుసార్లు కొట్టొచ్చు, కొట్టకపోవచ్చు. ఒక రూపం ఆపితే ఇంకో రూపంలో వచ్చేది. ఇప్పటికీ అంతే, మీ ఫోన్లలో తెలుగు బూతుని ఇంగ్లీషక్షరాల్లో రాస్తే ఎంత పెద్ద కంపెనీ వడపోతయినా తడబడుతుంది.

మాటల్ని నమ్ముకుంటే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక కథ ఉంది. 1994 ప్రాంతంలో సెర్దార్ అర్గిచ్ అనే పేరుతో యూజ్‌నెట్‌లో ఉత్తరాలు వరదలా వచ్చేవి. ఆర్మేనియన్ల మీద జరిగిన మారణకాండ అబద్ధమనీ, ఆర్మేనియన్లే తురుష్కుల్ని చంపారనీ పేజీలకి పేజీలు. ఎవరైనా ఎక్కడైనా టర్కీ అన్న మాట రాస్తే చాలు, అక్కడికి జవాబు వచ్చి పడేది. థాంక్స్‌గివింగ్ పండక్కి వండే టర్కీ కోడి గురించి రాసుకున్నవాళ్ళకి కూడా ఆ మారణకాండ ఉపన్యాసమే! అది మనిషి పని కాదు, మాట వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాం పని అని అందరూ అనుకున్నారు. చరిత్ర గ్రూపుల్లో నిజంగా మాట్లాడుకోవాలనుకునేవాళ్ళకి ఊపిరాడలేదు. 1994 ఏప్రిల్‌లో అది ఉన్నట్టుండి ఆగిపోయింది. ఈ రోజుల్లో బాట్ ఖాతాలని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ కోడే గుర్తొస్తుంది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది ముఖ్యం. యూనివర్సిటీల్లో కొత్త పిల్లలు సెప్టెంబరులో చేరేవాళ్ళు. ఆ నెలంతా గ్రూపుల్లో అడిగిందే అడగడం, అరవడం, అడ్డదిడ్డంగా రాయడం. నెలా రెండు నెలల్లో మర్యాద నేర్చుకుని సర్దుకునేవాళ్ళు. 1993, 94ల్లో అమెరికా ఆన్‌లైన్ లాంటి కంపెనీలు తమ చందాదార్లందరికీ తలుపులు తెరిచేసరికి ఏడాది పొడుగునా కొత్తవాళ్ళే. పాతవాళ్ళు దాన్ని ఎన్నటికీ ముగియని సెప్టెంబరు అన్నారు. ఆ విసుగులో తెలియక తప్పు చేసినవాణ్ణీ, తెలిసి చెడగొట్టేవాణ్ణీ ఒకే గాటన కట్టి కిల్‌ఫైల్లో పడేశారు. అది అన్యాయం. కొత్తవాడికి ఒకసారి చెప్తే మారతాడు. మొండివాదికి జవాబు చెప్తే వింటాడు, ఒప్పుకోకపోయినా అదే విషయం మీద నిలబడతాడు. తగువుకోసం వచ్చినవాడు నువ్వు జవాబు చెప్పగానే ప్రశ్నే మార్చేస్తాడు. వాణ్ణి పోల్చుకోవడానికి నాకు తెలిసిన గుర్తు అదొక్కటే, ఇన్నేళ్ళలో అది తప్పింది తక్కువ.

మరి కాపలా ఉన్న గ్రూపులు లేవా అంటే, ఉండేవి. అక్కడ నువ్వు రాసింది ముందు ఒక పెద్దమనిషికి మెయిలుగా వెళ్తుంది. ఆయన చదివి సరేనంటేనే నలుగురికీ కనిపిస్తుంది. కంప్యూటర్ల వల్ల వచ్చే ప్రమాదాల గురించి పీటర్ న్యూమన్ గారు 1985లో మొదలుపెట్టిన గ్రూపు ఒకటి దశాబ్దాల పాటు అలాగే, ఆయన కాపలాలోనే నడిచింది. జీతం లేదు, సన్మానం లేదు. అలాంటివాళ్ళ ఓపికకి నేను ఎప్పుడూ దణ్ణం పెడతాను. ఎందుకంటే ఆ పని నేనూ కొన్నాళ్ళు చేశాను.

మెయిలు గ్రూపుల కాలంలో జరిగింది. తెలుగు సాహిత్యం మాట్లాడుకునే గ్రూపు. అందులో ఒక పెద్దాయన ఉండేవారు. ఛందస్సు మీద ఎవరు ఏ సందేహం అడిగినా, యతి ఎక్కడ తప్పిందో, ఆ పద్యం పాత ప్రతిలో ఎలా ఉందో ఓపిగ్గా రాసేవారు. ఆయన రాసింది కాగితం మీద అచ్చు తీసుకుని దాచుకున్నవాళ్ళున్నారు. ఇంకో ఆయన చేరాడు. పద్యం సంగతి వదిలేసి పెద్దాయన కులం, వయసు, అమెరికా ఎందుకొచ్చావు, ఇవీ ఆయన ప్రశ్నలు. మందలిస్తే వేరే పేరుతో వచ్చాడు. గ్రూపులో వారాల తరబడి ఒకటే చర్చ. భావ స్వేచ్ఛ అన్నారు కొందరు. నచ్చనివాళ్ళు తమ మెయిల్లో ఫిల్టరు పెట్టుకోవచ్చుగా అన్నారు ఇంకొందరు. అందరూ ఆ మనిషి గురించే రాశారు, ఆయన పద్ధతి తప్పని రాసినవాళ్ళూ ఆయన గురించే రాశారు.

ఈ సందట్లో పెద్దాయన ఎప్పుడు వెళ్ళిపోయారో ఎవరికీ తెలియలేదు. సెలవు అనలేదు, ఫిర్యాదు చెయ్యలేదు. ఎవరో సీసపద్యం మీద సందేహం అడిగితే రోజులు గడిచినా జవాబు రాలేదు, అప్పుడు వెతికితే సభ్యుల జాబితాలో ఆయన పేరు లేదు. ఊళ్ళో అరుగు మీదికి తాగినవాడొచ్చి కూర్చుంటే వాడితో ఎవరూ కలబడరు, పెద్దవాళ్ళు ఒక్కొక్కరే ఉత్తరీయం దులుపుకుని లేచి వెళ్ళిపోతారు. చివరికి అరుగు వాడిదవుతుంది. మా గ్రూపుకి అదే జరగబోయింది.

అప్పుడు పట్టుదల వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళ మొదటి ఉత్తరాలు కొన్ని మేం చూశాకే వెళ్ళేట్టు పెట్టాం. ఆ ఏర్పాటు అప్పటి మెయిలు గ్రూపుల్లో ఉండేదే, వాడాలన్న మనసే లేకపోయింది. మనిషి మీద రాసింది ఆపి, విషయం మీద రాసింది వదిలాం. ఎందుకు ఆపామో రాసినవాడికి ఒక్కడికే విడిగా చెప్పాం. వంతులు వేసుకున్నాం, ఎందుకంటే రోజూ ఆ బురద చదివేవాడికి తిండి సహించదు. ఆ తగువుల మనిషి మరో రెండు పేర్లతో ప్రయత్నించాడు. జవాబిచ్చేవాళ్ళు లేక, నలుగురికీ కనిపించక, మానేశాడు. ఇది స్వేచ్ఛని హరించడమేనని అన్నవాళ్ళకి నేను అప్పుడు చెప్పిందే ఇప్పుడూ చెప్తాను. ఆయనకి సొంతంగా గ్రూపు పెట్టుకునే హక్కుంది. మా గ్రూపులో వాళ్ళందరూ తనని భరించి తీరాలనే హక్కు ఎవరిచ్చారు?

అందరూ కలిసి వడపోసే పద్ధతులూ వచ్చాయి. 1997లో మొదలైన స్లాష్‌డాట్‌లో చదివేవాళ్ళలోంచే కొందరికి వంతులవారీగా మార్కులు వేసే పని ఇచ్చేవాళ్ళు. మైనస్ 1 నుంచి 5 దాకా. నువ్వు ఎన్ని మార్కుల పైన ఉన్నవి చూడాలనుకుంటే అవే కనిపిస్తాయి. చెత్త ఎక్కడికీ పోదు, అడుగున ఉంటుంది, కావలసినవాడు దిగి చూసుకోవచ్చు. రాసినవాడికి తెలియకుండా వాడి రాతలు వాడికి తప్ప ఎవరికీ కనపడకుండా చేసే ఉపాయం కూడా కొన్నిచోట్ల ఉంది. అది పనిచేస్తుంది గానీ నాకు ఇష్టం లేదు. మనిషికి ముఖం మీద చెప్పి పంపాలి, దొంగచాటుగా కాదు.

యూజ్‌నెట్ పుట్టిన డ్యూక్‌లోనే దాని సర్వరు 2010లో ఆపేశారు. యాహూ గ్రూపులు 2020లో మూతపడ్డాయి. ఆ తగువుల మనిషి మాత్రం మీ ఫోన్లోకి వచ్చాడు.

చిన్నమ్మాయ్, నీకు మాకంటే మంచి పనిముట్లున్నాయి. అడ్మిను ఒప్పుకుంటేనే కొత్తవాళ్ళు చేరేట్టు పెట్టు. చేరే లింకు పాతది రద్దుచేసి కొత్తది తియ్యి, ఆయన అదే లింకుతో వస్తుండొచ్చు. కొత్త నంబరు వస్తే ఏ బ్యాచి, ఎవరికి తెలుసు అని అడిగాకే లోపలికి రానియ్యి. అసభ్యంగా రాసింది అందరి ఫోన్లలోంచీ తీసెయ్యగలవు, తియ్యి. ఆయనకి ఒక్కసారి విడిగా చెప్పు. వినకపోతే ప్రకటనలేవీ చెయ్యకుండా తీసెయ్యి. ఎవడో ఏదో రాస్తే కేసు అడ్మిను మీదికొస్తుందేమోనని భయపడుతున్నావు. సభ్యుడు రాసినదానికి అడ్మినుని బాధ్యుణ్ణి చెయ్యలేమని కేరళ హైకోర్టు 2022లోనే చెప్పింది. అయితే భయం లేదు కదా అని పట్టించుకోకుండా వదిలెయ్యకు.

ఒక్కదానివే కాపలా కాయకు, ఇంకో ఇద్దరు ముగ్గుర్ని అడ్మిన్లుగా పెట్టుకో. మిగతా మీరంతా కూడా ఏదో ఒక గ్రూపులో ఉన్నవాళ్ళేగా, మీ అడ్మిను అడిగేదాకా ఆగకుండా నేనూ ఒక చెయ్యి వేస్తానని ఈ రాత్రే రాయండి. రేపు పొద్దున్న నువ్వు చెయ్యాల్సిన పని ఇంకోటుంది. ఈ గొడవల్లో మాట్లాడకుండా గ్రూపు వదిలిపోయినవాళ్ళ పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మళ్ళీ రమ్మని పిలువు.