స్విచ్‌కి ఐపీ అడ్రస్ ఎవరి కోసం?

పోయిన ఎపిసోడ్ విన్నాక సౌదీ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. సీసీ కెమెరాలు, నెట్‌వర్క్ కేబుళ్ళ పనిలో హెల్పర్‌గా ఉన్నాడు. "అన్నా, స్విచ్ డబ్బాలోంచి తీసి కేబుళ్ళు గుచ్చితే చాలు, అన్నీ నడుస్తున్నాయి. మరి మా ఫోర్‌మన్ దానికి ముందు ఐపీ వెయ్యమని ఎందుకు ప్రాణం తీస్తున్నాడు?" అని అడిగాడు. ఎపిసోడ్‌లో రెండు ముక్కల్లో చెప్పి దాటేశాను. కానీ దాని వెనక చాలా కథ ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. తమ్ముడు అన్నది కరెక్టే. డేటాని ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకి పంపడానికి స్విచ్‌కి సొంత ఐపీ అక్కర్లేదు. అది చూసేది మ్యాక్ అడ్రస్, అంటే ఫ్యాక్టరీలోనే పరికరానికి వేసి పంపే నంబరు. మరి ఐపీ ఎవరి కోసం? మన కోసమే. ఆ డబ్బాని దూరం నుంచి పలకరించాల్సిన మనిషి కోసం.

1981లో ఐపీ నియమాలు రాసుకున్నప్పుడు అడ్రస్‌కి 32 బిట్లు చాలనుకున్నారు. లెక్క వేస్తే దాదాపు 430 కోట్ల నంబర్లు. అప్పటి కంప్యూటర్ల సంఖ్యకి అది సముద్రం. ఏ సంస్థకి ఏ నంబరు ఇచ్చామో ఆ జాబితా చూసుకున్నది కాలిఫోర్నియాలో జాన్ పోస్టెల్ అనే ఆయన. ఆ లోపల ఒక్కో మిషన్‌కి నంబరు వెయ్యడం మాత్రం అక్కడి మనుషుల పని, చేత్తోనే. ఒకే నంబరు ఇద్దరికి పడకుండా చూసుకోవడం కూడా వాళ్ళ తలనొప్పే.

తర్వాత డిస్క్ లేని కంప్యూటర్లు వచ్చాయి. స్విచ్ ఆఫ్ చేస్తే వాటికి తన నంబరు కూడా గుర్తుండదు. "నా మ్యాక్ ఇది, నా ఐపీ ఎంత?" అని అడిగే పద్ధతి 1984లో రార్ప్ పేరుతో, దానికంటే మెరుగైంది 1985లో బూట్‌పీ పేరుతో వచ్చాయి. అదే పెరిగి 1993లో డీహెచ్‌సీపీ అయ్యింది. మీరు క్యాంపులో వైఫై కలపగానే ఫోన్‌కి నంబరు వచ్చేది దానివల్లే.

ఇక స్విచ్ సంగతి. 1990 ప్రాంతంలో అమెరికాలో మొదటి ఈథర్‌నెట్ స్విచ్ అమ్మిన కంపెనీ పేరు వింటే నవ్వొస్తుంది: కల్పన! అవును, మన కల్పనే. స్థాపించినవాళ్ళలో ఒకరైన వినోద్ భరద్వాజ్ భారతీయ మూలాలున్నాయన, తన భార్య పేరు పెట్టుకున్నాడు. ఏడు పోర్టుల డబ్బా అది. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. అంతకుముందు ఉన్న హబ్ ఒకడి మాట అందరికీ వినిపించేది. స్విచ్ ఎవరిది వాళ్ళకే చేరవేసింది.

డబ్బాలు అంతస్తు అంతస్తుకీ పాకేసరికి వాటిని చూసుకోవడం కష్టమైంది. ఏ పోర్టు చచ్చిందో తెలియాలంటే కన్సోల్ కేబుల్ పట్టుకుని ర్యాక్ దాకా ఎక్కాలి. దూరం నుంచే అడిగి తెలుసుకోడానికి 1988లోనే ఎస్ఎన్ఎంపీ వచ్చింది. దాన్ని అప్పట్లో పెద్దలు తాత్కాలికం అనే అనుకున్నారు, ఇంకేదో పెద్ద పద్ధతి వస్తుందని. అది రాలేదు, ఇది పోలేదు. ఇది ఐపీ మీద నడుస్తుంది కాబట్టి, ప్రశ్న అందుకోవాలంటే డబ్బాకి ఒక అడ్రస్ ఉండాలి. మేనేజ్డ్ స్విచ్‌కి ఐపీ వెయ్యడం వెనక అసలు కారణం ఇదే.

1996లో ఇంకోటి జరిగింది. 430 కోట్లు కూడా చాలవని అర్థమయ్యాక, 10తో, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యే నంబర్లని ఎవరి బిల్డింగ్ లోపల వాళ్ళు వాడుకోమన్నారు (ఇప్పుడున్న రూపం ఆ ఏడాదిది). దాంతో ఫ్యాక్టరీలు చాలా స్విచ్‌లకి 192.168.0.1 లాంటివి ముందే వేసి పంపడం మొదలుపెట్టాయి. నాకు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే.

ఖతార్‌లో కొత్తగా ఉన్న రోజులు. ఒక లేబర్ క్యాంపులో పాత స్విచ్ తీసి కొత్తది పెట్టాను, ఐపీ మార్చకుండానే. అక్కడి రౌటర్ నంబరూ, దీని ఫ్యాక్టరీ నంబరూ ఒకటే. "రౌటర్ ఎవరు?" అని అడిగితే ఇద్దరూ "నేనే" అన్నారు. కెమెరాల రికార్డింగ్ నడుస్తూనే ఉంది, హెడ్ ఆఫీస్‌కి మాత్రం ఒక నిమిషం కనపడి ఒక నిమిషం పోయేది. కేబుల్ చెడిందని మూడు సార్లు మళ్ళీ క్రింప్ చేశాను. తప్పు తెలిసేసరికి తెల్లారింది. రెండు రోజుల జీతం కోత. పైగా అందరి ముందు తిట్లు. ఇప్పటికీ ఆ లెక్క సరైంది కాదనే అంటాను, అప్పటిదాకా ఒక్కడూ నాకు ఆ విషయం చెప్పలేదు మరి.

డీహెచ్‌సీపీకి వదిలేస్తే పోదా అంటారా? వదలొచ్చు. కానీ నెట్‌వర్క్ పడిపోయిన రోజే స్విచ్‌తో మనకి పని. ఆ రోజు నంబరిచ్చే సర్వరే చచ్చిపోతే, లేదా నంబరు మారిపోయి ఉంటే, డబ్బాని ఎక్కడని వెతుకుతాం? అందుకే చాలా సైట్లలో చేత్తోనే వేస్తారు, లేదా సర్వర్‌లో దాని మ్యాక్‌కి ఒకే నంబరు కట్టేస్తారు.

కాబట్టి తమ్ముడూ, కొత్త డబ్బాని లైన్లో పెట్టకముందు ల్యాప్‌టాప్ ఒక్కదానికే కలుపు. ల్యాప్‌టాప్‌కి అదే వరసలో వేరే నంబరు వెయ్యి. బ్రౌజర్‌లో స్విచ్ పేజీ తెరిచి, సైట్ జాబితాలో ఖాళీగా ఉన్న నంబరు, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే మార్చు. పాస్‌వర్డ్ కూడా మార్చు. నంబరు మారగానే పేజీ తెగిపోతుంది, కంగారు పడకు. ల్యాప్‌టాప్ నంబరు కూడా కొత్త వరసకి మార్చి, కొత్త నంబరుతో మళ్ళీ తెరువు. ఆ తర్వాత సేవ్ నొక్కు. కొన్ని మోడళ్ళలో సేవ్ చెయ్యకపోతే కరెంటు పోయి వచ్చేసరికి అన్నీ మొదటికొస్తాయి. చివర్న ఆ నంబరు డబ్బా మీద స్టిక్కర్ రాసి అంటించు, ఫోర్‌మన్ జాబితాలో కూడా ఎక్కించమని చెప్పు.