పూటకూళ్ళ ఇంట సేనాని విడిది

అమెరికా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో టావెర్న్ అంటే ఒట్టి సారా దుకాణం కాదు. మన పూటకూళ్ళ ఇంటివలె బాటసారులకు తిండి, బస, ఊరివారికి సభాస్థలి. విశాలమైన గదులు, వంటశాల, గుర్రపుసాల ఉండటంవల్ల యుద్ధకాలంలో సైన్యాల కన్ను వీటిపై పడేది.

1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో తొలి కాల్పులకు ముందు ఊరి దళంవారు బక్‌మన్ టావెర్న్‌లో వేచివున్నారు. ఆ మధ్యాహ్నమే బ్రిటిష్ సేనాని పెర్సీ మన్రో టావెర్న్‌ను తన స్థావరంగా, క్షతగాత్రులకు ఆసుపత్రిగా చేసుకున్నాడు. దాని యజమాని విలియం మన్రో ఎదుటి పక్షంలో సార్జెంటు! ఇల్లు కనిపెట్టుకుని ఉన్న జాన్ రేమండ్ బయటికి వెళుతూ సైనికుల తుపాకులకు బలయ్యాడు.

1789లో అధ్యక్షుడు వాషింగ్టన్ అక్కడే భోజనం చేశారు. ఆ భవనం నేడు మ్యూజియం. సేనానులతోపాటు రేమండ్ వంటి సామాన్యులనూ స్మరించుకోవడం మన ధర్మం.