కత్తెర పురుగు పేరు తేలిన రోజులు

2018 జులై 9. కర్ణాటకలోని గౌరిబిదనూరు. మన హిందూపురానికి సరిహద్దు అవతలి ఊరు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో శాస్త్రవేత్తలు అక్కడి మొక్కజొన్న చేలో దిగారు. ఆకుల నిండా చిల్లులు. మొవ్వు విప్పితే రంపపు పొట్టులాంటి లద్దె, దాని కింద ముడుచుకున్న పురుగు. చేలో నూటికి డెబ్బైకి పైగా మొక్కలది అదే గతి.

అంతకుముందే, మే-జూన్‌లలో, శివమొగ్గ వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన శరణబసప్ప, కల్లేశ్వరస్వామి ఇదే పురుగును పట్టుకున్నారు. తల మీద తిరగేసిన వై అక్షరం. తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు. పుట్టిల్లు అమెరికా ఖండాలు. 2016లో ఆఫ్రికాలో బయటపడి మొక్కజొన్నను ఊడ్చేసింది. ఆసియాలో మాత్రం అప్పటిదాకా దాని జాడే లేదు.

గుర్తులు చూసి పేరు చెప్పేయవచ్చు కదా అనిపిస్తుంది. కానీ మన పొగాకు లద్దె పురుగు దీనికి దాయాదే. పసి దశలో ఈ గుర్తులు స్పష్టంగా ఉండవు. దేశంలోకి కొత్త శత్రువు వచ్చిందని చాటాలంటే కంటిచూపు ఒక్కటే చాలదు.

అందుకే డీఎన్ఏ బార్‌కోడింగ్. కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ 2003లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఆయన మొదట పరీక్షించిన వాటిలో రెక్కల పురుగులే ముఖ్యం. పురుగు కాలి ముక్క దొరికినా చాలు. అందులోంచి డీఎన్ఏ తీసి, సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కను యంత్రంలో లక్షల ప్రతులు చేసి చదువుతారు. ఆ వరుసను ప్రపంచమంతా దాచిన వరుసలతో పోలుస్తారు. పురుగు పసిదైనా, చచ్చి నలిగినా పేరు దొరుకుతుంది. ఈసారి దొరికిన పేరు స్పోడోప్టెరా ఫ్రూజిపెర్డా, అదే కత్తెర పురుగు. జులై 30న బ్యూరో దేశాన్ని హెచ్చరించింది.

ఆ హెచ్చరిక అనంతపురం జిల్లాలోని మన కణేకల్‌కు ఎంత దగ్గరిదో చూడండి. ఊరు దాటితే బళ్ళారి సీమ. ఈ రెక్కల పురుగు గాలి కలిసొస్తే ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు ఎగరగలదు. అనంతపురం రైతుకు ఎర్ర గొంగళి పురుగు తరతరాలుగా తెలుసు. తొలకరికి రెక్కల పురుగులు నేల నుంచి లేవగానే గట్ల మీద మంటలు వేసేవారు. కొత్తదానికి అలాంటి అనుభవం ఎక్కడుంది? అంగట్లో "పురుగు పడిందన్నా, ఏమన్నా మందియ్యి" అని అడిగి, తెచ్చింది పైపైన కొడితే మొవ్వులో లద్దె కప్పుకున్న పురుగుకు అది తగలనే తగలదు. ఆ డబ్బు రైతు అప్పులో కలుస్తుంది. పేరు తేలడం అందుకే అంత అవసరం. ఆ ఏడాదే పురుగు ఆంధ్ర, తెలంగాణల్లోకి వచ్చేసింది.

ఇంకో చిక్కు వచ్చింది. ఈ పురుగులో మొక్కజొన్న రకం, వరి రకం అని రెండున్నాయి. మన దేశపు నమూనాల్లో ఎక్కువ వాటిని సీఓఐ వరి రకమనే చెప్పింది. తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీటితో వరి నాటే కణేకల్ ఆయకట్టులో ఈ మాట వింటే గుండె గుభేలుమనదా? అయితే సీఓఐ తల్లి నుంచే వస్తుంది, తండ్రి వంశం అందులో కనిపించదు. టీపీఐ అనే మరో జన్యువును చదివితే ఎక్కువ పురుగులు మొక్కజొన్న రకం వైపే తేలాయి. పొలాల్లోనూ అది మొక్కజొన్ననే ఎక్కువగా తింది, జొన్న, చెరకుల్లోనూ కనిపించింది.