అవ్వ మరపాచి పక్కన మావాడి ఆండ్రాయిడు



పోయిన దసరాకి మన సంఘం హాల్లో పెట్టిన బొమ్మల కొలువు గుర్తుంది కదా. అందులో మూడో మెట్టు మీద, మా ఇంటి నుంచి వచ్చిన ఎర్రచందనం మరపాచి బొమ్మ పక్కన, కళ్లకు నల్లగుడ్డ కట్టుకుని చేత్తో కత్తి పట్టుకున్న చిన్న ప్లాస్టిక్ బొమ్మ ఒకటి నిలబడింది. చూసి కొందరు నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం "ఇదేం అపచారమండీ, కొలువులో వీడియో గేమ్ బొమ్మా?" అని అందరి ముందూ నన్నే అడిగారు. నాకు జవాబు తోచలేదు. బొమ్మ మా చిన్నవాడిది. వాడు ఏమీ అనకుండా దాన్ని తీసి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఈ ఏడు అటక మీద నుంచి పెట్టెలు దించే ముందు ఆ జవాబు రాద్దామని కూర్చున్నాను. ఎప్పటిలాగే పొడుగ్గా ఉంటుంది. హోసూరులో తమిళ మీడియంలో చదివినవాణ్ణి, అక్షరదోషాలుంటే సర్దుకోండి.

ముందు ఆ బొమ్మ సంగతి. 2017లో జపాన్ వాళ్లు 'నియర్ ఆటోమేటా' అని ఒక గేమ్ తెచ్చారు. దాని దర్శకుడు యోకో తారో. అందులో నాయిక పేరు 2బి. ఆమె మనిషి కాదు, మనిషి రూపంలో ఉన్న యంత్రం, అంటే ఆండ్రాయిడు. మనుషుల కోసం భూమి మీద యుద్ధం చేస్తుంటుంది. ఆ మనుషుల సంగతి ఏమిటన్నది మాత్రం చెప్పకూడదని మావాడి ఆర్డరు, ఆడేవాళ్లకు కథ చెడిపోతుందట. గేమ్ తెచ్చిన స్క్వేర్ ఎనిక్స్ కంపెనీయే 'బ్రింగ్ ఆర్ట్స్' అనే వరుసలో ఆమె బొమ్మ కూడా చేసింది. జానెడు కూడా ఉండదు. భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు, మడమ, అన్నిటికీ కీళ్లు. పిడికిలి ఒకటి, చాచిన చెయ్యి ఒకటి, కత్తి పట్టే చెయ్యి ఒకటి అని మార్చుకునే చేతులు కూడా ఇస్తారు. కస్టమ్స్ డ్యూటీతో కలిపి ఎనిమిది వేలు దాటిందని తెలిసిన రోజు నేను ఇల్లు ఎగిరిపోయేలా కేకలేశాను. ఆ మాట దాచను.

తర్వాత రాత్రిళ్లు వాడు దాన్ని ఎలా నిలబెడుతున్నాడో చూశాను. చెయ్యి కొంచెం తిప్పుతాడు, దూరం జరిగి చూస్తాడు, మళ్లీ తల వంచుతాడు. కీలు వదులైతే రంగులేని నెయిల్ పాలిష్ పూత వేసి ఆరబెడతాడు. ఎండ తగలనివ్వడు. అప్పుడు నాకు మన భాషలోని ఒక మాట గుర్తొచ్చింది: కీలుబొమ్మ. ఇప్పుడు ఆ మాట రాజకీయ నాయకులను తిట్టడానికే వాడుతున్నాం. అసలు అర్థం మాత్రం కీళ్లున్న బొమ్మ, మన ఇష్టప్రకారం కదిలే బొమ్మ అనే కదా. ఇంగ్లీషువాడు 'యాక్షన్ ఫిగర్' అనే పేరు వెతుక్కోక ముందే మన దగ్గర మాట సిద్ధంగా ఉంది.

మాటే కాదు, వస్తువూ ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మేకతోలును పారదర్శకంగా వచ్చేదాకా శుభ్రం చేసి, ఆరబెట్టి, చేతులూ కాళ్లూ విడివిడిగా కత్తిరించి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులు వేసి, భుజం దగ్గరా మోచేతి దగ్గరా దారపు ముడితో కలుపుతారు. ఆ ముడే కీలు. బిగిస్తే చెయ్యి కదలదు, వదిలేస్తే వేలాడుతుంది. నాట్యకత్తె బొమ్మకు కీళ్లు ఎక్కువ. రావణుడైతే మనిషి ఎత్తు ఉంటాడు. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే బొమ్మలాటల ప్రస్తావన ఉందంటే ఏడు వందల ఏళ్ల పైమాట. నిమ్మలకుంట దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మంచిదే. కానీ ఆ ఊళ్లో ఇప్పుడు రాముడికంటే దీపాలకు పెట్టే తోలు షేడ్లు ఎక్కువ అమ్ముడుపోతాయి. రాత్రంతా కూర్చుని కేతిగాడి, బంగారక్కల హాస్యం చూసే జనం లేకపోతే పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

ఇక యంత్రపు మనిషి. ఇదీ జపాన్ సొత్తు అనుకున్నాను. కాదట. 11వ శతాబ్దంలో భోజరాజు పేరున్న 'సమరాంగణ సూత్రధారం'లో యంత్రాలకు ఒక అధ్యాయమే ఉంది. చెక్కతో అవయవాలు విడివిడిగా చేసి, కీలకాలతో కలిపి, పైన తోలు కప్పి, లోపల తాళ్లతో ఆడించే స్త్రీ పురుష బొమ్మల గురించి అందులో రాశారు. వాటిని నిజంగా ఎవరైనా చేశారా, లేక రాతలోనే ఉండిపోయాయా అన్నది పండితులు తేల్చుకోవాలి. ఊహ మాత్రం ఇక్కడిదే. 1949లో వచ్చిన అక్కినేని 'కీలుగుర్రం' తమిళంలో 'మాయకుదిరై'. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ గాలిలో ఎగిరే గుర్రం కథను రెండు భాషల్లోనూ చెప్పేవాళ్లు. అదీ యంత్రమే.

జపాన్‌లో 1796లో 'కరకురి జుయి' అని ఒక పుస్తకం అచ్చయింది. టీ కప్పు చేతిలో పెడితే నడిచి వచ్చి, కప్పు తీస్తే ఆగిపోయే బొమ్మను ఎలా చేయాలో అందులో పటాలు వేసి చూపించారు. వాళ్లు ఆ విద్యను వదల్లేదు. అమెరికాలో హాస్బ్రో కంపెనీ 1964లో జీఐ జో తెచ్చింది. చిత్రకారులు వాడే కీళ్ల చెక్కబొమ్మను చూసి పుట్టిన ఆలోచన అది. మగపిల్లలు 'డాల్' అంటే కొనరని దానికి యాక్షన్ ఫిగర్ అని పేరు పెట్టారు. అదే అచ్చును జపాన్‌లో టకారా కంపెనీ తీసుకుని, 1972లో ఒళ్లంతా పారదర్శకంగా ఉండి లోపలి యంత్రం కనిపించే సైబోర్గ్ బొమ్మ చేసింది. మావాడి 2బికి అది ఒక లెక్కన జేజెమ్మ. మన దేశంలో జీఐ జోను ఫన్‌స్కూల్ వాళ్లు తయారుచేశారు. మీలో చాలామంది పిల్లలకు కొనిచ్చే ఉంటారు. దాని నడుములో ఒక రబ్బరు రింగు ఉండేది. అది తెగితే బొమ్మ రెండు ముక్కలు. మా పెద్దవాడిదానికి నేనే స్క్రూ విప్పి ఆఫీసు రబ్బరుబ్యాండు వేసి ఇచ్చాను.

ఇప్పుడు మరపాచి విషయం. ఇది చెప్పకపోతే మిగతాదంతా దండగ.

కర్ణాటకలో 'పట్టద గొంబె' అంటారు. పెళ్లికూతురికి పుట్టింటివాళ్లు ఆడా మగా జతగా ఇస్తారు. కొలువులో జతగానే పెట్టాలి. మా అవ్వ పెళ్లికి ఇచ్చిన జత మా అమ్మ చేతుల మీదుగా మా ఇంటావిడకు వచ్చింది. 1991లో నాకు జోలార్‌పేట నుంచి బెంగళూరుకు ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు క్వార్టర్సు ఖాళీ చేసి సామాను ఎక్కించాం. దిగాక చూస్తే మగబొమ్మ లేదు. పార్సిల్ ఆఫీసులో ఊరివాళ్ల గంపలన్నీ లెక్కపెట్టి సంతకం పెట్టేవాణ్ణి, మా ఇంటి గంపలు లెక్కపెట్టలేదు. ఇంటావిడ ఒక్క మాట అనలేదు. ప్రతి దసరాకీ ఒంటిబొమ్మకే పట్టుచీర ముక్క చుట్టి, పక్కన బొమ్మపట్టేంత చోటు ఖాళీగా వదిలేది. ఇరవై ఎనిమిది కొలువులు అలాగే జరిగాయి. ఆమె పోయాక కూడా ఆ చోటు నేను నింపలేదు.

పోయిన ఏడు ఆ చోట్లోనే మావాడు 2బిని పెట్టాడు. హాల్లో గొడవైన రాత్రి అడిగితే, "అమ్మ బొమ్మ ఒక్కతే ఉంది కదా నాన్నా, తోడుంటుందని పెట్టాను" అన్నాడు. ఎనిమిది వేలకు కేకలేసిన నోటికి అప్పుడు మాట రాలేదు.

కృష్ణా, గుంటూరు నుంచి వచ్చినవాళ్లు మన సంఘంలో ఉన్నారు. మీ ఊళ్లలో కొలువు సంక్రాంతికి పెడతారు, మాకు దసరాకి. అది ఎవరూ తప్పనలేదు. చెట్టియారు దంపతుల పక్కన ప్లాస్టిక్ క్రికెట్ టీము పెడితే ఎవరూ ఏమీ అనలేదు. నా బొమ్మరైలును అయితే ఏటా మెచ్చుకుంటూనే ఉన్నారు, హొసకోటె టౌనులో ఉన్న రైలు అదొక్కటేనని.

పోయిన వారం ధర్మవరం వెళ్లి నిమ్మలకుంటలో చిన్న హనుమంతుణ్ణి కొన్నాను. భుజాలకు, మోచేతులకు కీళ్లున్నాయి. కమిటీవారు ఒప్పుకుంటే మూడో మెట్టు మీద హనుమంతుడు, మరపాచి, 2బి వరసగా ఉంటారు. వెనక చిన్న దీపం పెడితే తోలు రంగులు బాగా కనిపిస్తాయి, ఆ వైరింగ్ ఖర్చు నాది. ఒక్కటే చిక్కు. పోయినసారి జరిగినదానికి మావాడు ఇంకా బొమ్మ ఇస్తానని అనలేదు. ఆ రోజు అడిగిన పెద్దాయన మా ఇంటికి ఒకసారి కాఫీకి వస్తే, వాడితో నేను మాట్లాడడం కొంచెం తేలికవుతుంది.