ఖుర్తుబాలో వంకాయ

తల ఎత్తి చూస్తే పంది తొడలు. ఒకటీ రెండూ కాదు, పాతిక పైనే ఉంటాయి. నల్లబడిన దూలాలకు కొక్కేలు కొట్టి వరసగా వేలాడదీశారు. ఒక్కోదాని కొసకు గొడుగు తిరగేసినట్టు చిన్న ప్లాస్టిక్ గిన్నె గుచ్చి ఉంది, కారే కొవ్వు కింద కూర్చున్నవాళ్ళ నెత్తిన పడకుండా. నేను బిస్మిల్లా అనుకుని కుర్చీ లాక్కున్నది సరిగ్గా వాటి కిందే. మధ్యాహ్నం మూడవుతోంది, అక్కడ అదే అసలు భోజనాల వేళ. ఇంకెక్కడా చోటు లేదు.

ఊరు కొర్దోబా. మన ఉర్దూ కితాబుల్లో ఖుర్తుబా. పని మీద మాడ్రిడ్ వెళ్ళి, చివర్లో ఒక రోజు మిగిలితే రైలెక్కాను. రెండు గంటల లోపే దింపేసింది. పొద్దున్నంతా జామె మసీదులో తిరిగాను. 1236లో దాన్ని చర్చి చేశారు, 1523 నుంచి నడిబొడ్డున కెథెడ్రల్ కట్టారు. ఆ స్తంభాల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 1933లో ఇక్బాల్ సాబ్ వచ్చి చూసి నజ్మ్ రాశాక ఎవరికీ మిగల్లేదు. నేను చెప్పబోయేది ఆ తర్వాత ఆకలేసినప్పటి ఖిస్సా.

మసీదు వెనక సందుల్లో, సున్నం కొట్టిన పాత ఇంట్లో చిన్న హోటల్. అలాంటివాటిని తబెర్నా అంటారు. ఎనిమిది బల్లలు, మా కర్నూలు పాత ఇళ్ళలో ఉండే సెహన్ లాంటి నడిమి వాకిలి, దాని నిండా పూలకుండీలు. వడ్డించే పెద్దాయన వయసు అరవై దాటి ఉంటుంది. మెనూ ఇచ్చి వెళ్ళాడు.

స్పానిష్ నాకు రాదు. కానీ ఉర్దూ మీడియంలో చదివిన చదువుకూ, చిన్నప్పుడు మౌల్వీ సాబ్ దగ్గర నేర్చిన కాస్త అరబీకీ ఆ కాగితం జవాబివ్వడం మొదలుపెట్టింది. నూనెను అసెయితె అంటారు, అరబీ అజ్జైత్. ఆలివ్ కాయ అసెయితూనా, మన జైతూన్. బియ్యం అరోస్, అరబీలో అర్రుజ్. జాఫ్రాన్ అసఫ్రాన్ అయింది. చక్కెరది ఇంకా పెద్ద సఫర్: సంస్కృతంలో శర్కర, ఫార్సీలో షకర్, అరబీలో సుక్కర్, అక్కడ అసూకర్. మన నారింజ కూడా అంతే. నారంగం, నారంజ్, నరాన్‌హా. ఇక వంకాయ. వాతింగణం అనే సంస్కృత మాట ఇరాన్‌లో బాదింగాన్ అయి, అరబ్బుల నోట బాదిన్‌జాన్ అయి, స్పెయిన్ చేరి బెరెన్‌హేనా అయింది. మన బైగన్‌కు దూరపు చుట్టం. అదే తెమ్మన్నాను.

సన్నగా కోసి, పిండి అద్ది, జైతూన్ నూనెలో కరకరలాడేలా వేయించిన వంకాయ. పైన చెరకు రసం కాచి తీసిన నల్లటి పాకం. స్పెయిన్‌కు చెరకు సాగు తెచ్చింది కూడా అరబ్బులే. బఘారా బైగన్‌కు అలవాటైన నాలుకకు తీపి వంకాయ ఏంటని మొదట వింతగా ఉంది. ఆరో ముక్కకు ప్లేటు ఖాళీ అయింది.

బడిలో మాకు అందలుస్ అంటే నసీమ్ హిజాజీ నావెళ్ళు. గుర్రాలు, తల్వార్లు, గద్దారులు, చివరికి 1492 జనవరి 2న గర్నాతా పతనం, మా కళ్ళ నీళ్ళు. ఆ సల్తనతుల్లో వంటిల్లు ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. చెబితే జిర్యాబ్ ఒక్కడి పేరే చెప్పేవారు. 822లో బగ్దాద్ వైపు నుంచి ఖుర్తుబా వచ్చిన గాయకుడు. భోజనాన్ని షోర్బాతో మొదలుపెట్టి, మాంసం, ఆఖరున మిఠాయి అనే వరస పెట్టింది, బంగారు కప్పుల బదులు గాజు గ్లాసులు తెచ్చింది ఆయనే అంటారు. ఇవి ఎక్కువగా ఆయన పోయిన చాలా శతాబ్దాలకు రాసిన అల్ మఖ్ఖరీ కితాబు ద్వారా మనకు అందిన కథలు. ఒక్క మనిషి అన్ని చేశాడంటే నాకు పూర్తిగా నమ్మకం కుదరదు. దర్బారు గాయకుడి పేరు మిగిలింది, పేరు లేని వంటవాళ్ళ పని కూడా ఆయన ఖాతాలో పడి ఉంటుంది.

రెండో వంటకంగా అల్బొందిగాస్ అనే మాట చూపించాను. మాంసం ఉండలు, మన కోఫ్తాలే. అరబీ అల్ బుందుఖా నుంచి వచ్చింది, గుండ్రటి కాయ అని అర్థం. ఆ కాయంత గుండ్లు పేల్చేది గనుకే మన బందూఖ్ కూడా అందులోంచే పుట్టింది. పెద్దాయన నా ముఖం చూశాడు, గడ్డం చూశాడు, వేలు అడ్డంగా ఊపాడు. అందులో దూడ మాంసంతో పాటు పంది మాంసం కూడా కలుపుతారట. పేరు అరబీ, లోపల సువ్వర్.

ఇది యాదృచ్ఛికం కాదు. అలాగని స్పెయిన్‌కు పందిని ఇన్‌క్విజిషనే తెచ్చిందనడం కూడా అబద్ధమే. రోమన్ల కాలం నుంచీ అక్కడి ఓక్ అడవుల్లో పందులు మేశాయి. మారింది దాని అర్థం. గర్నాతా లొంగినప్పటి ఒప్పందంలో ముస్లింల మజ్హబ్ జోలికి రామని రాసిచ్చారు. 1499లో కార్డినల్ సిస్నెరోస్ వచ్చాక బలవంతపు బాప్టిజాలు మొదలయ్యాయి, అరబీ కితాబులు నడివీధిలో తగలబెట్టారు. 1502 నాటికి కాస్తీల్ రాజ్యమంతటా మతం మారడమా, దేశం విడవడమా అన్నారు. మారినవాళ్ళను మోరిస్కోలన్నారు. కాగితం మీద అందరూ క్రైస్తవులే అయ్యాక, లోపల ఏముందో కనిపెట్టడమెలా? పళ్ళెంలోకి చూశారు.

పంది మాంసం వద్దన్నవాడు, సారాయి ముట్టనివాడు, రమజాన్ పగళ్ళలో పొయ్యి వెలిగించని ఇల్లాలు, నేల మీద కూర్చుని కుస్కుస్ తిన్న కుటుంబం. ఇవన్నీ ఇన్‌క్విజిషన్ కాగితాల్లో సాక్ష్యాలుగా ఎక్కాయి. చెప్పింది ఇరుగుపొరుగు, పనిమనుషులు, ఒక్కోసారి సొంత బంధువులు. మతం మారిన యూదులదీ ఇదే గతి. వాళ్ళు మాంసాన్ని పందికొవ్వులో కాక నూనెలో వండుతారని బెర్నాల్దెస్ అనే చరిత్రకారుడు అసహ్యంగా రాశాడు. నేడు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ జైతూన్ నూనె తీసే దేశం అది! 1567లో వచ్చిన హుకుం అరబీ భాషను, హమామ్‌లను నిషేధించి, జుమ్మా రోజున మోరిస్కోల ఇంటి తలుపులు తెరిచే ఉంచాలంది. బగావత్ జరిగింది, అణిచేశారు. 1609 నుంచి 1614 దాకా ఇంచుమించు మూడు లక్షల మందిని ఓడలెక్కించి పంపేశారు. అప్పటికి వాళ్ళు బాప్టిజం పొంది వందేళ్ళు.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే సెర్వాంటెస్ డాన్ కిహోతే వచ్చింది, 1605లో ఒక భాగం, 1615లో రెండోది. ఈ కథను అసలు అరబీలో రాసింది సీదే హమేతే బెనెన్‌హేలీ అనే ముస్లిం అని రచయిత వేళాకోళం ఆడతాడు. పామరుడు సాంచోకు ఆ పేరు నోరు తిరగక బెరెన్‌హేనా అంటాడు, అంటే వంకాయ సాబ్. మూర్‌లకు వంకాయలంటే ఇష్టం కదా అని దానికో సమర్థన. చదివి నవ్వుకున్నాను. నవ్వు ఆగిపోయింది రికోతే దగ్గర. సాంచో ఊళ్ళోనే దుకాణం నడిపిన మోరిస్కో అతను. దేశబహిష్కారమయ్యాక, జర్మన్ యాత్రికుల గుంపులో మారువేషంలో వెనక్కొస్తాడు. గడ్డి మీద దస్తర్‌ఖాన్ పరుస్తారు. అందులో రొట్టె, ఆలివ్ కాయలు, సారాయి, వాటితో పాటు మాంసం ఊడిన పంది ఎముకలు. నమలడానికి ఏమీ లేకపోయినా చప్పరించడానికి పనికొస్తాయట. అతను నిజంగా ఇష్టపడే తిన్నాడో, ఎవరైనా చూస్తారని పెట్టుకున్నాడో సెర్వాంటెస్ చెప్పడు.

2015లో దాద్రీలో, ఇంట్లో ఏ మాంసం ఉందన్న పుకారు మీదే గుంపు ఒక మనిషిని చంపింది. అంత దూరం ఎందుకు, నా సంగతే చెబుతాను. ఒకప్పుడు నేను పనిచేసిన ఆఫీసులో బక్రీద్ మర్నాడు నా టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే జోకులు పడ్డాయి. అందులో ఉన్నది మేక మాంసమే. ఆ మాట చెప్పబోయి ఆగాను, ఎందుకు చెప్పుకోవాలనిపించింది. అలాగని ధైర్యమూ చూపించలేదు. మర్నాటి నుంచి చాలా రోజులు పెరుగన్నం తీసుకెళ్ళాను. అమ్మీ అడిగితే కడుపులో బాగాలేదన్నాను.

పెద్దాయన సల్మొరేహో తెచ్చాడు. టమాటా, రొట్టె, నూనె, వెల్లుల్లి కలిపి చిక్కగా నూరిన చల్లటి షోర్బా. ఇది ఖుర్తుబా గొప్ప వంటకమే గానీ ఖలీఫాలెవరూ రుచి చూడలేదు. టమాటా అమెరికా నుంచి వచ్చింది, మన పచ్చళ్ళలో మిరపకాయలాగే. దాని మీద మామూలుగా ఉడికిన గుడ్డు ముక్కలు, హమోన్ తురుము చల్లుతారు. నా గిన్నెలో గుడ్డు ఒక్కటే ఉంది. నేను అడగలేదు.

బయటికొచ్చి అమ్మీకి ఫోన్ చేశాను. కర్నూలులో అప్పటికి మగ్రిబ్ అయిపోయింది. మసీదు చూశావా, రెండు రకాతులు చదివావా అంది. అక్కడ చదవనివ్వరమ్మా అన్నాను. కాసేపు ఊరుకుంది.

"ఏం తిన్నావు?"

"బైగన్."

"బైగన్ తినడానికి అంత దూరం పోయావా, బేటా?"