కాలినచోట కొత్త చర్మం

ఆటస్థలంలో పడి మోకాలు దోక్కుపోయిన పిల్లవానికి వారం పది రోజులలో చర్మం యథాప్రకారం వస్తుంది. మరుగుతున్న నూనె మీదపడి లోతుగా కాలినవానికి అలా రాదు. మచ్చ మిగులుతుంది, కీలు దగ్గర కాలితే చర్మం ముడుచుకొనిపోయి చేయి చాపడం కూడా కష్టమవుతుంది. చర్మంలో రెండు పొరలున్నాయి. పైనున్న బాహ్యచర్మం, క్రింద ఆధారముంటే, తనంతట తానే తిరిగి పెరుగుతుంది. దళసరియైన అంతశ్చర్మం మాత్రం ఒకసారి పూర్తిగా నశిస్తే ఎదిగిన క్షీరదాలలో మళ్ళీ పుట్టదు. గాయపు అంచులు దగ్గరకు లాక్కొంటాయి. మిగిలిన సందును మచ్చ పూడ్చివేస్తుంది.

"పుట్టదు" అన్న ఈ మాటను కొంతవరకైనా కదిలించినవారు అయోనిస్ యానస్. ఆయన ఏథెన్సులో 1935లో జన్మించి, అమెరికాలో చదివి, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యులైనారు. ఆయన వైద్యులు కారు. పాలిమర్ల శాస్త్రం ఎరిగిన ఇంజనీరు. ఆయనతో కలిసి పనిచేసిన జాన్ బర్క్ బోస్టన్ నగరంలో కాలిన గాయాలకు చికిత్స చేసే శస్త్రవైద్యులు. శరీరంలో సగానికి మించి కాలిన రోగికి అతుకు వేయడానికి అతని స్వంత చర్మం చాలదు. కప్పులేని గాయంనుండి ద్రవాలు కారిపోతాయి, సూక్ష్మజీవులు లోపల ప్రవేశిస్తాయి. అంటే రోగి ప్రాణం ఆ కప్పుమీదనే ఆధారపడి ఉంటుంది.

మొదట వారు వెదికినది గాయాన్ని త్వరగా మూయించే పదార్థంకోసం. గినీపందులమీద ఎన్నో పరీక్షించారు. ఏదీ పనిని త్వరపెట్టలేదు. పైగా కొల్లాజెన్‌తో చేసిన ఒక పదార్థం గాయం ముడుచుకొనడాన్ని ఆలస్యం చేసింది! దానిని ఓటమిగా లెక్కించి పారవేసి ఉంటే కథ అక్కడితో ముగిసేదే. కాని ఆలస్యంగా మూసుకొన్న ఆ చోటును పరిశీలిస్తే అక్కడున్నది మామూలు మచ్చ కాదు, అంతశ్చర్మాన్ని పోలిన కణజాలం.

ఇక వ్యాసాలు వెలువడినాయి. 1980లో ఒకే శీర్షికక్రింద మూడు భాగాలు వచ్చాయి: రచనా సూత్రాలు, రసాయనిక నిర్మాణం, రంధ్రాల అమరిక. పశువులనుండి తీసిన కొల్లాజెన్‌ను, సొరచేప మృదులాస్థినుండి లభించే కాండ్రాయిటిన్ సల్ఫేట్‌తో కలిపి, గడ్డకట్టించి, శూన్యంలో ఆరబెట్టేవారు. మంచు స్ఫటికాలున్నచోట రంధ్రాలు మిగిలి స్పంజివంటి పలక తయారవుతుంది. దానిపైన పలుచని సిలికోన్ పొర. సిలికోన్ తాత్కాలికంగా బాహ్యచర్మం పని చేస్తుంది. స్పంజిలోనికి గాయంలోని కణాలు, రక్తనాళాలు ప్రవేశిస్తాయి.

1981లో మనుష్యులమీది ఫలితాలను ప్రకటించారు. రోగులు పదిమంది, శరీరంలో 50 మొదలు 95 శాతంవరకు కాలినవారు. కాలిన భాగాన్ని వెంటనే కోసివేసి ఈ చర్మాన్ని పరిచారు. కొన్ని గాయాలను అది 46 రోజులవరకు కాపాడింది. తరువాత సిలికోన్‌ను ఒలిచివేసి, రోగి చర్మంనుండే అంగుళంలో వెయ్యింట నాలుగు వంతుల మందంగల అతుకు వేశారు. అంత పలుచని పొర తీసిన చోటు త్వరగా మానుతుంది. కనుక అక్కడినుండే మరల తీసుకొనవచ్చు. పదిమంది చిన్న సంఖ్యయే. అయినా అంత తీవ్రంగా కాలినవారి విషయంలో అది చిన్న వార్త కాదు.

అన్నిటిలో ఉపాధ్యాయులు శ్రద్ధగా చూడదగినది 1989 నాటి వ్యాసం. పదార్థం పనిచేసినదని చెప్పి ఊరుకొనక, ఎప్పుడు పనిచేయదో అది కొలిచి చెప్పింది. రంధ్రాల సగటు వ్యాసం 20 మైక్రాన్లకు తగ్గరాదు, 125కు మించరాదు. మరీ ఇరుకైతే కణాలు దూరలేవు. మరీ పెద్దవైతే కణాలు అంటుకొనేందుకు తగినంత ఉపరితలం దొరకదు. కొల్లాజెనేజ్ అనే ఎంజైముకు పలక త్వరగా లొంగిపోరాదు. కప్పు పోసిన వెంటనే సెంట్రింగు ఊడదీస్తే ఏమవుతుందో మేస్త్రీలకు తెలుసు. కణాలు నాటని పలక గాయపు ముడుపును సుమారు పదిరోజులు వాయిదా వేసింది, ఆపలేదు. చదరపు సెంటీమీటరుకు 50,000కు మించి జంతువు స్వంత కణాలను నాటినప్పుడు 16 చదరపు సెంటీమీటర్ల మేరకు చర్మం ఏర్పడింది.

అమెరికా ప్రభుత్వం ఈ కృత్రిమ చర్మాన్ని చికిత్సలో వాడేందుకు అనుమతించినది 1996లో. అంటే మొదటి రోగుల వార్త వెలువడిన 15 ఏండ్లకు. 2001లో యానస్ తన పరిశోధనలను చర్మంతోపాటు నాడులకుకూడ వర్తింపజేస్తూ ఒక గ్రంథం ప్రకటించారు. బర్క్ 2011లో మరణించారు.

1989 వ్యాసం శీర్షికలోనే "పాక్షిక" అన్న విశేషణం ఉన్నది. గినీపందిమీద మొలిచిన ఆ చర్మంలో వెంట్రుకల కుదుళ్ళు లేవు. రోగులకు వచ్చిన కొత్త చర్మంలోను వెంట్రుకలు మొలవవు, చెమట పట్టదు.